విచారణ గదిలో రెండో కుర్చీ

ఎనభైల నడుమ, మా ఆయన పోయిన ఏడాదే, నన్ను ఆర్డీవో కచేరీలో అటెండరుగా వేశారు. తాత్కాలికం. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆర్డీవో గారే. నా చదువు ఐదో తరగతి, ఇద్దరు ఆడపిల్లలు. ఆ సంతకం మీదే మా అన్నం.

ఇప్పుడు జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పెద్దమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలి స్నేహితురాలు మానస ఇక్కడి యూనివర్సిటీలో, తెల్లదొరల ఏలుబడిలో తప్పు చేసిన ఉద్యోగుల్ని ఎలా విచారించేవారో థీసిస్ రాస్తోంది. "రూల్సన్నీ పర్ఫెక్ట్‌గా ఉన్నాయి అమ్మమ్మా. ఛార్జి, సంజాయిషీ, సాక్షులు... ఫెయిరే కదా?" అంది. హీటరు తగ్గించి వచ్చి, రాసుకోమన్నాను.

దొరలు పోయినా పద్ధతి పోలేదు. ముందు ఛార్జిమెమో, అంటే ఫలానా తప్పు చేశావని రాసిచ్చే కాగితం. దానికి ఉద్యోగి సంజాయిషీ. అది నచ్చకపోతే విచారణ. విచారణాధికారి బల్ల వెనక కూర్చుంటాడు. అటెండరు వరండాలోకి వెళ్లి ఉద్యోగిని పేరు పెట్టి కేకేయాలి. అతను వచ్చి, సాక్షులందరూ అయ్యేదాకా నిలబడే ఉండాలి. గదిలో రెండో కుర్చీ ఉంటే ముందే బయట పెట్టడం అటెండరు పని. దొరల కచేరీల్లో భుజాన పట్టీ వేసుకు తిరిగిన డవాలీ బంట్రోతుల నాటి నుంచీ అంతే.

ఆ వేసవిలో విచారణకొచ్చింది డిప్యూటీ తహసీల్దారు రామమూర్తి గారు. తుపాను బియ్యం పంపకంలో చేతివాటం చూపారని అభియోగం. మంచివాడని చెప్పను, నాచేత ఇంటి బట్టలు ఉతికించాలని చూసిన మనిషి. కానీ ఆ రోజు మోకాళ్లు వాచి, గోడ పట్టుకుని వచ్చారు. బయట పెట్టిన కుర్చీ లోపలికి తెచ్చి ఆయన వెనక వేశాను.

విచారణాధికారిగా బల్ల వెనక కూర్చున్న ఆర్డీవో గారు కళ్లజోడు తీశారు. "ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. వెయ్యొద్దని రూలుందా బాబూ?"

"నువ్వు నాకు రూలు చెబుతావా?"

"అడుగుతున్నాను బాబూ. ఇంకా తప్పు తేలలేదు కదా."

హెడ్ గుమాస్తా గారు గుమ్మంలోంచి, "ఏటమ్మా ఇది? నీ పర్మనెంటు నువ్వే చింపేసుకుంటన్నావు. తియ్యి తల్లీ" అని గొణిగారు.

"మీరొచ్చి తియ్యండి" అన్నాను. ఆయన రాలేదు.

రామమూర్తి గారు ఆర్డీవో మొహం చూస్తూ నిలబడ్డారు. "కూచోండి బాబూ, కుర్చీకి కూలి అడగన్లే" అన్నాను. కూర్చున్నారు.

సాయంత్రానికి నాకూ మెమో వచ్చింది. అవిధేయత. సంజాయిషీ హెడ్ గుమాస్తా గారి చేతే రాయించాను. చివర్న క్షమించమని ఒక్క ముక్క కలుపుతానన్నారు. వద్దన్నాను. కుర్చీ వేసింది నేనే, ఏ రూలు ప్రకారం తప్పో తెలియజేయండి అని మాత్రమే రాయించి సంతకం పెట్టాను. ఆ రూలు ఎవరికీ దొరకలేదు. మెమో మూలన పడింది. దానితోపాటు నా పర్మనెంటూ పడింది, ఆర్డీవో గారు బదిలీ అయ్యేదాకా. అన్నాళ్లూ ఒకపూట గంజి తాగాం. రామమూర్తి గారి మీద అభియోగం రుజువై ఇంక్రిమెంట్లు ఆగాయి. అది న్యాయమే.

"అంటే ఆయన దొంగే కదా అమ్మమ్మా!" అంది మానస.

"దొంగైతే మోకాళ్లుండవా?"

తను చదివిన దొరల రూల్లోనూ కుర్చీ మాట ఎక్కడా లేదట.

మొన్న నా వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే ఫలానా టైముకి రమ్మనే పిలుపు, దొరికితే ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా మొదట కుర్చీ చూపించి, తర్వాత పాస్‌పోర్టు అడిగింది. కాగితం తక్కువైందని తిప్పి పంపింది కూడా. తిప్పి పంపడం వాళ్ల రూలు, లేచి వచ్చేశాను.

ఉద్యోగంలో నేర్చుకున్నది అదే. రూల్లో ఉన్న శిక్ష ఎవరికి పడినా అడ్డు వెళ్లలేదు. రూల్లో లేకుండా మనిషిని నిలబెడితే మాత్రం కాగితం చూపించమన్నాను. ఇప్పుడైనా అదే అడుగుతాను.