ముజఫ్ఫర్ దాచిన నాలుగు సెల్లులు

నారాయణపేటలో గడియారాలు బాగుచేసే ముజఫ్ఫర్ మనుషులను ఇట్టే నమ్మేవాడు గానీ, చార్జింగ్ సెల్లును మాత్రం పరీక్ష పెట్టందే నమ్మేవాడు కాదు. నిండా చార్జింగ్ ఎక్కించి, టార్చిలైటు బల్బు తగిలించి, ఎన్ని గంటలు వెలుగుతుందో పక్కనే కూర్చుని చూసేవాడు. బల్బు ఆరిపోగానే "పాపం, మంచిగ ఉండె" అని నిట్టూర్చి ఆ గంటలు సెల్లు మీద రాసేవాడు. చూసినవాళ్లు ఇంట్లో ఎవరో పోయారనుకునేవారు.

ఈ చావులన్నీ చూసీ చూసీ ఆయన భార్య షరీఫున్నీసాకు ప్రాణం విసిగింది. గడియారాల మిస్త్రీ ఇంట్లో గోడ గడియారం రెండేళ్లుగా నాలుగుంబావు దగ్గరే నిలబడి ఉంది మరి!

"ఏంజీ, డబ్బాల నాలుగు మంచి సెల్లులు దాచిన్రు గదా! ఒక్కటి గీ గడియారంల వెయ్యున్రి."

"గవి పెద్ద పనికి ఉన్నయ్."

"ఏం పని?"

"ఇంకా రాలే. జర ఆగు."

దానికి తోడు కెమెరా పిచ్చి ఒకటి. పాత డిజిటల్ కెమెరా విప్పి, లోపలి చిన్న అద్దం తీసేసి, ముందు నల్ల అద్దం బిగించి, కంటికి కనబడని వెలుతురులో ఫొటోలు తీసేవాడు. పచ్చని వేపాకులు నెరిసిపోయి వచ్చేవి. మనుషులు పీనుగుల్లా వచ్చేవారు. పక్కింటి సోమన్న కూతురి పెళ్లిలోనైతే, పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర తెల్లచీరయి కూర్చుంది.

"శుభమా అని పెండ్లయితాంటే నా బిడ్డకు తెల్లచీర కడ్తవా?" అని సోమన్న కాలర్ పట్టుకున్నాడు.

"నేను కట్టలే సోమన్నా! దానికి రంగు కనబడది, గంతే!"

షరీఫున్నీసా నెలరోజులు నల్లా దగ్గర తలెత్తలేదు.

ఆ వానాకాలం మొదట్లో వీధి చివరి మగ్గం భిక్షం ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. దాని కొంగు కోసం గళ్ల కాగితం మీద పెన్సిలుతో కొత్త నమూనా గీసి పెట్టుకున్నాడు పాపం. చావింటి గందరగోళంలో ఎవరి కాలో తగిలి నూలుకు అద్దే నేరేడు రంగు కుండలోంచి ఆ కాగితం మీద ఒలికింది. భార్య శోభకూ నేత వచ్చు. కానీ నాలుగు నెలలు ఆ మగ్గం ముట్టుకోలేదు.

ఒకరోజు ముసురులో తడుస్తూ వచ్చి షరీఫున్నీసా ముందు కూలబడింది. "నూలిచ్చిన షావుకారి సోమవారం మగ్గం కాలీ చెయ్యాల్నంటుండు అక్కా. చీరను ఉన్నకాడికి కోసెయ్యాల్నట. గా కాగితంల ఉన్నది మా ఆయన ఆఖరి గీత. ఒక్క గడి గూడ కనబడ్తలేదు."

లోపల సెల్లు పక్కన కూర్చున్న ముజఫ్ఫర్ లేచి వచ్చాడు. "కాగితం తే చెల్లె. షరీఫా, గా డబ్బా, కెమెరా ఇయ్యి."

"ఏడ్చేటి మనిషి ముంగట గీ ఆటలేంజీ?" షరీఫున్నీసాకు సిగ్గుతో ఒళ్లు మండింది.

"సోమన్న బిడ్డ చీర యాదుందా? నా కెమెరాకు రంగు కనబడది. పెన్సిలు కనబడ్తది."

కాగితం నాలుగడుగుల పొడవు. పసుపు బల్బు వెలుతురులో జానెడు జానెడుగా ఫొటో తీశాడు. ఆ ముసలి కెమెరా ఫొటోకింత సెల్లును నమిలేసింది. మొదటి జత పోయింది. ఆఖరి జానెడు పడగానే రెండో జతా పోయింది. ముజఫ్ఫర్ ఈసారి నిట్టూర్చలేదు.

ఫొటోలను కంప్యూటర్‌లో పెడితే రంగంతా మాయమై తెల్లకాగితం మీద భిక్షం గీసిన జొన్నకంకులు నల్లగా నిలబడ్డాయి. శోభ గళ్లు లెక్కపెడుతూ ఒకచోట ఆగింది.

"గీడ ఒక గడి తప్పిండు. ఎప్పుడూ గింతే!" అంది. నాలుగు నెలల తర్వాత నవ్వింది.

"సరిజేస్తవా చెల్లె?"

"చెయ్య భాయ్. తప్పుతోనే నేస్త."

సోమవారం షావుకారు వచ్చేసరికి మగ్గం టకటకమంటోంది. "జర ఆగున్రి, పెద్ద పనుంది" అంది శోభ తలెత్తకుండా. ఆయన చెప్పులు విడిచి గడప మీద కూర్చున్నాడు.

ఇంట్లో షరీఫున్నీసా ఆ నాలుగు సెల్లులకూ చార్జింగ్ ఎక్కించి, ఒకటి గోడ గడియారంలో వేసింది. ముల్లు కదిలింది.

ముజఫ్ఫర్ పరుగెత్తుకొచ్చాడు. "ఆగాగు! దానికి మళ్ల పరీక్ష కాలే!"

"అయింది తియ్యున్రి," అంది షరీఫున్నీసా.