పిన్ని తల పైకప్పుకు తగిలిన ఫోటో

కొత్త ప్లైవుడ్ మీద ఆరీ ఆరని రంగు వాసన, దాని వెనకే కాస్త జిగురు వాసన, మొన్న ఆదివారం మా దీవుల రాజధాని సువాలో ఒక మాల్ మూడో అంతస్తులో నా ముక్కుకు తగిలాయి. కళ్ళను మోసం చేసే బొమ్మలతో ఫోటోల హాలు ఒకటి కొత్తగా తెరిచారని, పిన్ని మనవరాలు మా ఇద్దరినీ నసీనులో బస్సెక్కించి మరీ అక్కడికి తీసుకెళ్ళింది. గోడల నిండా రంగుల బొమ్మలే. ఒకచోట సొరచేప నోట్లోకి తల దూర్చవచ్చు, ఇంకోచోట అగాధం మీద ఒక్క పలక మీద నిలబడవచ్చు, మరోచోట స్టవ్వూ గిన్నెలూ తలకిందులుగా బిగించిన వంటగదిలో ఇంటి కప్పు మీద నడుస్తున్నట్టు కనబడవచ్చు. డెబ్భై దాటిన పిన్ని ఆ వంటగదిలో నిలబడి, ఈ కొంపలో పప్పు ఎటు పొంగుతుందని మనవరాలిని అడిగి పెద్దగా నవ్వింది. చివరి గది గుమ్మం దగ్గరికి వచ్చాక మాత్రం ఇద్దరం ఆగిపోయాం. నలుపు తెలుపు గళ్ళ నేల, వెనక గోడకు రెండు కిటికీలు, పైకి ఏ వింతా లేని మామూలు గది అది. ఇలాంటి గదినే నేను తొమ్మిదేళ్ళప్పుడు చూశాను. దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలంటే రాకిరాకి దాకా వెనక్కి వెళ్ళాలి.

నాన్న వటుకోలా బంగారు గనిలో పనిచేసేవాడు. అక్కడికన్నా రాకిరాకిలో బడి నయమని నన్ను ఆ ఊళ్ళో అమ్మ పుట్టింట్లో ఉంచారు. చుట్టూ చెరకు, మధ్యలో రేకుల కప్పు చెక్క ఇల్లు, ఆ ఇంట్లో తాతయ్య, పిన్ని, నేను. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది కాబట్టి నాకు జడ వేసేదీ, జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ, కొబ్బరిపాలు పోసి రూరూ అనే చేమాకు కూర వండి అన్నంలో కలిపి ముద్దలు పెట్టేదీ అంతా పిన్నే. కోతల కాలం వచ్చిందంటే మిల్లులో మరిగే రసం వాసన పగలంతా ఊరి మీద తియ్యగా పరుచుకునేది, కాల్చిన చెరకు మసి గాలికి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది, చెరకు రైలు నెమ్మదించే మలుపు దగ్గర మేం పిల్లలం గడలు లాక్కుని పెదాలు చీరుకునేదాకా నమిలేవాళ్ళం. దీపావళికి బెల్లం దొరక్క మిల్లు పంచదార పాకం పట్టి పిన్ని అరిసెలు వండేది. అవి ఒక్కోసారి పలకల్లా గట్టిపడేవి, అయినా మిగిలేవి కావు. కొబ్బరి చిప్పలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఏడు పెంకులాట ఆడితే, పిన్ని చీర కుచ్చిళ్ళు దోపుకుని మాతో సమానంగా పరుగెత్తేది. ఎత్తులో కూడా మాతో సమానమేననుకోండి. తీగ మీద బట్టలు ఆరేయడానికి ఆవిడకు కిరసనాయిలు డబ్బా ఎక్కక తప్పేది కాదు.

మనిషి చిన్నదే గానీ నవ్వు మాత్రం పెద్దది. అది మొదలైతే పక్క పొలంలో కోత గ్యాంగు వాళ్ళు తల ఎత్తి చూసేవాళ్ళు. తాతయ్యకు ఆ నవ్వంటే పడేది కాదు. ఆయన కొట్టడు, అరవడు, కుడిచేతి చూపుడువేలు మాత్రం లేపుతాడు. ఆ వేలు లేస్తే కుక్క కూడా బల్ల కిందికి దూరేది. ఆదివారం భజన అయ్యాక తెలుగువాళ్ళ సంఘం హాల్లో చుట్టుపక్కల పిల్లలకు పలకల మీద అఆలు దిద్దించేటప్పుడూ అదే వేలు, యంగోనా అనే వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చుని పెద్దలు పంతాలకు పోయినప్పుడూ అదే వేలు. ఇంట్లో అది ఎక్కువగా లేచేది పిన్ని నవ్వు మీదికే.

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చి మూడో నాలుగో ఏడు గడిచిన రోజులవి. సంఘం పెద్ద ఒకాయన నౌసోరి సంబంధం ఒకటి తెచ్చాడు. కుర్రాడు టీచరు, తెలుగు కుటుంబం, వరి పొలాలున్నాయి, పిల్ల ఫోటో పంపమన్నారు అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పిన్ని వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనూ ఆ వేలూ మిగులుతాం. పెళ్ళి ఎలాగైనా తప్పిపోవాలని పడుకునేముందు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, దేవుడు ఆలోచిస్తున్నట్టే ఉండేవాడు గానీ ఏమీ చేసేవాడు కాదు.

ఫోటో తీయించడానికి సువా వెళ్ళాలి. ఏడ్చి గోల చేసి నేనూ బస్సెక్కాను. అద్దాలు లేని బస్సు, వాన వస్తే అందరం కలిసి టార్పాలిన్ పరదాలు దించడం, ఆగిపోగానే మళ్ళీ చుట్టి కట్టడం, ఒళ్ళో అరిటాకులో కట్టిన పులిహోర, దుమ్ము పట్టి ఎర్రబడ్డ తాతయ్య తెల్లచొక్కా, నౌసోరి దగ్గర రేవా నది వంతెన మీద బస్సు ఒణుకుతూ పోతుంటే ఈ ఊళ్ళోనే కదా ఆ మనిషి ఉన్నాడని నేను కిటికీలోంచి కనబడ్డ ప్రతి మగవాడినీ గుర్రుగా చూడడం, అన్నీ నిన్నటిలా ఉన్నాయి. మర్నాడు పొద్దున స్టూడియోలో పిన్నిని ప్లాస్టిక్ పూల కుండీ పక్కన నిలబెట్టారు. నోరు మూసుకోమన్నారు, గడ్డం దించమన్నారు, చేతులు కట్టుకోమన్నారు. చివరికి వచ్చిన ఫోటోలో పిన్ని సగం ఉడికిన కర్రపెండలం తిన్నదానిలా ఉంది. తాతయ్యకు మాత్రం అదే ఎంతో పద్ధతిగా కనబడింది.

ఆ ఫోటో మధ్యాహ్నానికి గానీ ఇవ్వమన్నారు కాబట్టి ఈలోగా సముద్రం పక్కన పార్కులో జరుగుతున్న కార్నివాల్‌కి వెళ్ళాం. లేత నీలం జెండాలు, కాగితపు పొట్లాల్లో వేయించిన శనగలు, పైనాపిల్ ముక్కల మీద కారం ఉప్పు, బ్యాండు మేళం. ఓ మూల ప్లైవుడ్‌తో కట్టిన గది, ముందు ఎర్రచొక్కా లావుపాటి మనిషి, లోపలికి వెళ్తే మనిషి రాక్షసుడవుతాడు లేదా చీమవుతాడు అని కేకలు పెడుతున్నాడు. తాతయ్య నీడన కూర్చుంటాననగానే నేనూ పిన్నీ అక్కడికి పరుగెత్తాం. పిన్ని లోపలికి వెళ్ళింది, నేను బయట గోడకు చేసిన కన్నంలోంచి చూశాను. తలుపున్న దూరపు మూల పిన్ని బొమ్మంతే ఉంది. రెండో మూలకు నడుస్తుంటే అడుగడుక్కీ పెరిగిపోయింది. చివరికి తల పైకప్పుకు తగిలింది. నేను చూసింది చూసినట్టు అరిచి చెప్పేసరికి పిన్నికి నవ్వు పుట్టింది, అదీ మామూలుగా కాదు, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నోరంతా తెరిచి. ఆ నవ్వు నీడన కూర్చున్న మనిషి చెవిన పడింది. దూరపు మూలనున్న తలుపు తెరుచుకుని తాతయ్య వేలు లేపుకుని లోపలికి వచ్చాడు. మా ఊరంతా భయపడే తాతయ్య, పిన్ని మోకాలి దాకా కూడా రాని తాతయ్య, గోరంత వేలెత్తి ఏడడుగుల కూతుర్ని గదమాయిస్తున్నాడు. ఎర్రచొక్కా మనిషి కెమెరా నొక్కాడు.

ఫోటో చేతికి రాగానే తాతయ్య ఒక్క చూపు చూసి, ఆ తమాషాది పారెయ్యమన్నాడు. పిన్ని పారెయ్యలేదు. ఇంటికి వచ్చాక ట్రంకు పెట్టెలో చీరల మడతల్లో దాచుకుంది. అది ఎక్కడుందో నాకు తెలుసు.

తాతయ్య ఒక ఆదివారం తెలుగులో చక్కగా ఉత్తరం రాసి, స్టూడియో ఫోటో కవరులో పెట్టి, అన్నం మెతుకులతో అంటించమని నాకిచ్చి, చెరకు లారీ వచ్చిందని కేక వినబడితే బయటికి వెళ్ళాడు. పిన్ని బావి దగ్గరుంది. నేను ట్రంకు తెరిచి, ఆ తమాషా ఫోటో తీసి కవరులో పెట్టి, స్టూడియోది నా బడిసంచిలో అట్లాసు మధ్యన దాచి, గుప్పెడు మెతుకులు పామి కవరు అంటించాను. పైకప్పుకు తల తగిలే పిల్లని, పళ్ళన్నీ కనబడేలా నవ్వే పిల్లని, తండ్రిని మోకాలి ఎత్తున నిలబెట్టుకున్న పిల్లని ఏ తల్లి కోడలుగా తెచ్చుకుంటుంది? దేవుడు చెయ్యని పని నేనే చేశాననుకున్నాను.

ఉత్తరం పోస్టాఫీసుకు పిన్నే పట్టుకెళ్ళింది. వచ్చేటప్పుడు శనగల పొట్లం తెచ్చి మొత్తం నాకే ఇచ్చింది. ఎప్పుడూ సగం తనే తినేది. ఆ శనగలు ఒక్కొక్కటే మింగుతుంటే గొంతులో ముళ్ళలా దిగాయి, అయినా పొట్లం ఖాళీ చేశాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. వాళ్ళే వస్తున్నారట. వచ్చిన రోజు మా గుమ్మం దగ్గర ముందు ఒక నడుము కనబడింది, తర్వాత అది వంగింది, వంగినా సరే పై కమ్మీకి తల ఠంగుమని కొట్టుకుంది. అంత పొడుగు మనిషిని నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళమ్మ ముఖం మతాబులా వెలిగిపోతోంది. కొడుక్కి తగిన ఎత్తు పిల్ల కోసం నాలుగేళ్ళుగా వెతుకుతోందట, ఈడూ జోడూ కుదరక ఊళ్ళో అందరూ నవ్వుతున్నారట. ఫోటోలో మోకాలి ఎత్తున ఉన్నది ఎవరో చిన్నపిల్లాడనుకుందని తర్వాత తెలిసింది. ఇంతలో పిన్ని పళ్ళెంలో టీ కప్పులు తెచ్చింది. ఆవిడ పిన్ని తల మీదుగా వెనక తలుపు వైపు చూసి అడిగింది.

"మరి పొడుగు అమ్మాయి ఏది?"

తాతయ్యకు ఉన్నవాళ్ళు ఇద్దరే కూతుళ్ళు, పెద్దది మా అమ్మ. ఆయన తెల్లబోతే, ఆ పొడుగాయన చొక్కా జేబులోంచి ఫోటో తీసి చేతికిచ్చాడు. తాతయ్య అందులో తనను తాను చూసుకున్నాడు. నేను కుక్క కన్నా ముందే బల్ల కిందికి దూరాను. ఇక వేలు లేస్తుంది, పిన్నికి పెళ్ళి తప్పుతుంది, ఇంటి పరువు పోతుంది, అన్నిటికీ కారణం నేనని బయటపడుతుంది. నేను కోరుకున్నది సరిగ్గా జరగబోతుంటే, అది జరగకూడదని ఏడుపొచ్చింది. పిన్ని పళ్ళెం పట్టుకుని తల దించుకునే ఉంది.

వేలు లేవలేదు. తాతయ్య చాలాసేపు ఆ ఫోటో కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "నా కళ్ళు పోయినాయమ్మా. నేనే తప్పు ఫోటో పెట్టినాను" అన్నాడు. తర్వాత ఆ గది మర్మం చెప్పబోయాడు గానీ వాళ్ళమ్మకు అర్థం కాలేదు. దాంతో అందరినీ వాకిట్లోకి తీసుకెళ్ళి, చెరకు గడతో నేల మీద ఏటవాలుగా గీతలు గీసి, వెనక గోడ ఇలా వాలుగా ఉంటుందని, ఇది దగ్గర మూల, ఇక్కడ మనిషి పెద్దగా కనబడతాడని, ఇది దూరపు మూల, ఇక్కడ చిన్నగా కనబడతాడని చూపించాడు. అప్పటికీ ఆవిడ తల అడ్డంగా ఊపితే, ఆ పెద్దమనిషి, ఊరంతా భయపడే ఆ తాతయ్య, గీత వెంట నడుస్తూ అడుగడుక్కీ మోకాళ్ళు వంచుతూ కుంచించుకుపోయి, చివరికి గొంతుకూర్చుని, ఫోటోలో ఉన్నట్టే వేలు పైకెత్తి చూపించాడు. ఇక పిన్ని ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చెరకు తోట మీదుగా ఎంత దూరం పోయిందో గానీ, గొంతుకూర్చున్న తాతయ్య కూడా నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

వాళ్ళమ్మ నవ్వు ఆపుకుంటూనే, ఎత్తు మాట మరి ఎలారా అని కొడుకు వైపు చూసింది. ఆయన ఫోటో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మాయీ, హమ్ ఎత్తు దేఖే నై ఆవా," అన్నాడు ఇక్కడి హిందీ కలిపి. "ఈ నవ్వు దేఖే ఆవా."

ఎత్తు చూడడానికి రాలేదట, ఆ నవ్వు చూడడానికే వచ్చాడట. అలా ఆయన నాకు బాబాయి అయ్యాడు. పెళ్ళయ్యాక పిన్ని బస్సెక్కుతుంటే నేను వంతెన దాకా వినబడేలా ఏడ్చాను గానీ, ప్రతి సెలవుల్లోనూ నౌసోరి నాదే అయింది. వరి పొలాల గట్ల మీద పరుగులు, రేవాలో పడవ, అంగట్లో బాబాయి నన్ను భుజాల మీద ఎక్కించుకుంటే తలలన్నీ కింద, నేను పైన. తాతయ్య మాత్రం ఆ పెళ్ళిసందడి అవగానే కళ్ళజోడు చేయించుకున్నాడు. బతికినన్నాళ్ళూ అది తుడుచుకుంటూ, ఆ ఫోటో పొరపాటు నాదేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నేను నోరు విప్పలేదు. యాభై ఏళ్ళుగా అది నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు రాకిరాకిలో మిల్లు మూతపడింది. రైలు పట్టాలు గడ్డిలో కలిసిపోయాయి. తాతయ్య దిద్దించిన అఆలు ఆ సంఘం హాల్లో చదివేవాళ్ళు లేరు. ఆ ఫోటో బాబాయి జేబులోంచి బీరువాలోకి చేరి, ఒక ఏడు రేవా పొంగినప్పుడు నీళ్ళతో పాటు వెళ్ళిపోయింది. ఏడాది కింద బాబాయి కూడా వెళ్ళిపోయాడు.

మొన్నటి ఆ మాల్ గదిలో మనవరాలు పిన్నిని దగ్గర మూలకు పంపింది, నన్ను దూరపు మూలకు. గది అటు చివర పిన్ని తలెత్తి పైకప్పును తడుముతోంది. ఇక దాచడం నావల్ల కాలేదు. కవరులో ఫోటో మార్చింది నేనేనని, నువ్వు వెళ్ళిపోకూడదని చేశానని, తాతయ్య మీద నింద వేసి ఊరుకున్నానని అన్నీ అక్కడి నుంచే చెప్పేశాను. పిన్ని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు మాలుమ్ రహా, పిల్లా," అంది. తనకు అప్పుడే తెలుసట. "మెతుకు తడి ఆరలేదు. పోస్టాఫీసుకాడ కవరు ఊడిపోయింది, చూసినా. మళ్ళా అంటించి డబ్బాలో వేసేసినా."

ఎందుకు వేశావని అడిగాను.

"స్టూడియో ఫోటో చూసి ఎవడైనా వస్తాడు. ఇది చూసి కూడా వచ్చేవాడెవడో చూద్దామని."

యాభై ఏళ్ళు నన్ను మోయనిచ్చినందుకు నాకు నిజంగానే కోపం వచ్చింది. నాకు తెలియకుండానే చెయ్యి పైకి లేచింది. మనవరాలు అప్పుడే ఫోటో తీసింది. అందులో పిన్ని తల పైకప్పుకు తగులుతోంది, నోరంతా తెరిచి నవ్వుతోంది. దూరపు మూలలో ఆవిడ మోకాలి ఎత్తున నిలబడి, నేను అచ్చం తాతయ్యలా వేలు చూపిస్తున్నాను.