సుగుణగారి మోకాలు, సాంబశివరావుగారి ఎక్సెల్ షీటు

2009లో నేను అమెరికాలో, ప్లేనో అనే ఊళ్లో ఒక చిన్న ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో ఎయిడ్‌గా పనిచేసేవాణ్ణి. ఎయిడ్ అంటే థెరపిస్టు కాదు. బల్లలు తుడవడం, నొప్పి ఉన్నచోట హాట్ ప్యాక్ వెయ్యడం, పేషెంటు కాలు ఎత్తి దించుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టడం. పదో తరగతి తప్పి చదువుకు దండం పెట్టినవాడికి పది దాకా లెక్కపెట్టే ఉద్యోగం దొరకడం న్యాయమే.

ఆ వేసవిలో సుగుణగారు వచ్చారు. యాభై ఎనిమిదేళ్లు. ఇంటి గరాజ్‌లో పాతికేళ్లుగా పిల్లలకు కూచిపూడి నేర్పుతున్న మనిషి. ఎడమ మోకాలు నొప్పి. డాన్సు టీచరు కదా, మోకాలు అరిగి ఉంటుందని ముందు స్నేహితులన్నారు, తర్వాత ఫ్యామిలీ డాక్టరన్నాడు. ఆ వయసులో చాలామందికి ఉండే అరుగుదలే ఎక్స్‌రేలో కనిపిస్తే సర్జన్ కూడా అదే అన్నాడు. ఆరు వారాలు థెరపీ, తగ్గకపోతే మోకాలి మార్పిడి. రిఫరల్ అని డాక్టరు మాకు పంపే చీటీ మీద ‘ఎడమ మోకాలు’ అని ఉంది. మా థెరపిస్టు లిండా చీటీ దాటి పైకి పోలేదు.

ఆవిడ వెంట భర్త సాంబశివరావుగారు, రిటైరైన ఇంజనీరు. ప్రశ్న ఆవిడకు, జవాబు ఆయనది. నొప్పికి ఎక్సెల్ షీటు తయారుచేశారు. రోజు, గంట, చేస్తున్న పని, మోకాలి నొప్పి సున్నా నుంచి పది దాకా. వారం వారం రంగుల ప్రింటు తెచ్చేవారు. రాకెట్‌కి కూడా ఇంత డేటా ఉండదు అంకుల్ అంటే మెచ్చుకున్నాననుకున్నారు.

ఐదో వారం, ఆవిడ మోకాలికి హాట్ ప్యాక్ వేసి, తోచక ఆ షీటు చదివాను. డాన్సు క్లాసులో ఎనిమిది. స్టవ్ దగ్గర నిలబడితే ఏడు. కూర్చుంటే ఒకటి. శనివారం ఇండియన్ స్టోర్‌లో గంటసేపు నడక, రెండు. అరిగిన మోకాలు గంట నడిస్తే రెండా?

“ఆంటీ, స్టోర్‌లో కార్ట్ ఎవరు తోస్తారు?”

“ఆవిడే. నేను లిస్టు చూస్తాను,” అన్నారు అంకుల్.

“దాని మీద వాలి నడుస్తుంటే హాయిగా ఉంటుంది బాబూ,” అన్నారావిడ. “నిటారుగా నిలబడితేనే, నడుం దగ్గర్నుంచి మోకాలి దాకా లాగేస్తుంది.”

నడుమన్న మాట ఐదు వారాల్లో అదే మొదటిసారి వినడం. ఇన్నాళ్లూ చెప్పలేదేమంటే, “ఎవరడిగారు? షీట్‌లో గడి లేదుగా,” అన్నారు.

రోగం పేరు చెప్పే హక్కు ఎయిడ్‌కు లేదు. కార్ట్ సంగతి మాత్రం లిండా చెవిన వేశాను. ఆమె వెంటనే వచ్చి ఆవిణ్ణి మడమల మీద నడవమంది. కుడిపాదం లేచింది. ఎడమపాదం ముందుభాగం లేవలేదు. ఆవిడ దాన్ని ఎవరిదో పాదంలా చూశారు.

లిండా వివరంగా చెప్పింది. నడుం ఎముకల్లో నరాలు వెళ్లే దారి ఇరుకవడాన్ని స్టెనోసిస్ అంటారు. ముందుకు వంగితే దారి కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే బిగుస్తుంది. నలిగేది నడుంలో, నొప్పి తెలిసేది మోకాల్లో. పాదం బలం తగ్గుతోందంటే ఆలస్యం చెయ్యకూడదు, పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. పాదమే బతుకైన మనిషితో ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

లిండా ఫోన్ చేస్తే సర్జన్ ఆఫీసు వాళ్లు నడుం తమ విభాగం కాదన్నారు. మోకాలి ఆపరేషన్‌ను వచ్చే గురువారానికి అప్పటికే బుక్ చేసి ఉంచారట. అంకుల్ కూడా అటే.

“ఆయన వేల మోకాళ్లు చూశాడు. ఈ అబ్బాయి కిరాణా బండి చూశాడు.”

సుగుణగారు బల్ల దిగి షూస్ వేసుకున్నారు.

“కాలు నాదండీ. గురువారం క్యాన్సిల్ చెయ్యండి. ముందు నడుం చూపిద్దాం.”

చూపించారు. నడుం ఎమ్మారైలో నరం నలిగి ఉంది. వేరే సర్జన్ దారి వెడల్పు చేశాడు. మోకాలి నొప్పి పోయింది. పాదం బలం మాత్రం సగమే వచ్చింది. ఇప్పుడావిడ కుర్చీలో కూర్చుని తాళం వేస్తూ పాఠం చెబుతారు.

మడమల మీద నడిపించి చూడటానికి పట్టేది అర నిమిషం. గోడ నిండా డిగ్రీలు తగిలించుకున్నవాళ్లలో ఒక్కరు మూడు నెలల ముందు ఆ అర నిమిషం పెట్టి ఉంటే ఆవిడ ఇవాళ నిలబడి చూపించేవారేమో. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను మాత్రం తక్కువా? ఐదు వారాలు జోకులేస్తూ, లేవని పాదం పక్కనే నిలబడి పది లెక్కపెట్టాను.

నొప్పి ఎక్కడుందో చీటీలో ఉంటుంది. ఎలా ఉంటే తగ్గుతుందో ఎవరూ రాయరు, అందుకే అప్పట్నుంచీ ప్యాక్ వేసేటప్పుడు నేనే అడుగుతాను. పక్కనున్న మొగుడు జవాబుకు నోరు తెరిస్తే, “మీ కాలు నొప్పొచ్చినప్పుడు మీరు చెబుదురుగాని అంకుల్,” అంటాను.