మోటుపల్లి శాసనం, మా అన్న బ్యాగు

ఏటా ఎల్లారెడ్డిలో పిల్లలకు కాకతీయుల పాఠం చెబుతాను. మోటుపల్లి రేవు దగ్గరికి వచ్చేసరికి నా మాట కరుకెక్కుతుంది. టీచరుకు కోపమొచ్చిందనుకొని పిల్లలు చేతులు కట్టుకొని కూర్చుంటారు. కోపమే. కాకపోతే వాళ్ల మీద కాదు.

కామారెడ్డిలో డిగ్రీ చదివే రోజుల్లో, లింగంపేట దగ్గరి మా ఊళ్లో, అవ్వ ముందు కూర్చొని ఆ పాఠం మొదటిసారి చదివాను. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. అవ్వ ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుట్టేది. ఆకు, తంబాకు, దారం అన్నీ చేతులే చూసుకునేవి. చెవులు ఖాళీ. అందుకే నన్ను పైకి చదవమనేది.

"నీ పరీచ్చకు నువ్వు సదువు. నాకు పొద్దు పోతది."

బడి ముఖం చూడని మనిషి నా డిగ్రీ పుస్తకాలు సగం వినేసింది.

ఆ రోజు కాకతీయుల దాకా వచ్చాం. సన్నబట్టలు, వజ్రాలు రేవుకు పోయేవి. ఓడల్లోంచి గుర్రాలు, కర్పూరం, గంధం దిగేవి. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులే లాక్కునేవారట. ఒక కాకతీయ రాజు మాత్రం, ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాళ్ల సొత్తు ముట్టం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని శాసనం రాయించాడు. అవ్వ చేతులు ఆగిపోయాయి.

"మునిగినోని సామాను వానికే ఇస్తడా?"

"ఇస్తడంట అవ్వా."

"రాజంటే గట్లుండాలె!"

అంతలో అన్న ఫోన్ చేశాడు. గల్ఫ్‌లో తాపీ పని వాడిది. ఇంటికి రావడానికి నెల ముందునుంచే బ్యాగు సర్దుకుంటున్నాడు. అవ్వకు కప్పుకోవడానికి పులిబొమ్మ చెద్దరు కొన్నాడట.

"అల్మారిల జాగ చేసి పెట్టు అవ్వా, శాన లావుంటది."

అవ్వ రాజు సంగతి చెబితే వాడు పడీపడీ నవ్వాడు. "గసొంటి రాజు ఈడ దొరికితే చెప్పు, ఆయన దగ్గర్నే పని చేస్త!"

ఆ నవ్వుల్లో పుస్తకం మూసేశాను. ఆ రాజ్యం ఎలా పోయిందో అవ్వకు చదవనే లేదు.

మూడు వారాలకు అన్న వచ్చాడు, పెట్టెలో. నిద్రలో గుండె ఆగిందని కాగితంలో ఉంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన అవ్వ, తెలివి రాగానే అంబులెన్స్‌లోకి తొంగిచూసి, "బ్యాగేది?" అంది.

"కొడుకు పోతే బ్యాగు అడుగుతదేంది గీమె" అని వెనక ఎవరో గొణిగారు. ఆ మనిషిని చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ఆ బ్యాగులో ఉన్నది అన్న ఏరి, బేరమాడి, మడతపెట్టిన చెద్దరు. వాడి చేతులు తాకింది ఇంకేం మిగిలింది మాకు?

అన్నతో ఒకే రూములో ఉన్న బీబీపేట ఆయనకు ఫోన్ చేశాను. "కంపెనోళ్లు రూముకు తాళమేసిండ్రు చెల్లె, మమ్ముల పోనిస్తలేరు" అన్నాడు. కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఎవరూ పలకలేదు. కొన్నాళ్లకు పనివాళ్లుండే ఆ క్యాంపే ఎత్తేశారని తెలిసింది. అవ్వకు మాత్రం "కాగితాలు నడుస్తున్నయి" అంటూ వచ్చాను. ఆమె ఆశ చెడగొట్టకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పే ధైర్యం లేదు నాకు.

ఏళ్లు గడిచాయి. ఇంట్లో బట్టలన్నీ తాడు మీదే వేలాడినా, చెద్దరుకని ఖాళీ చేసిన అల్మారీ కింది అరలో ఒక్క రుమాలు పెట్టనిచ్చేది కాదు అవ్వ.

మొన్న ఆదివారం పొద్దున పాఠం చూసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు సరిగా ఆనక బీడీలు మానేసింది.

"గా రాజు పాఠమేనా? అటెన్క ఏమైందో నువ్వు చెప్పకపోతివి."

"ఏముంది అవ్వా, పాత ముచ్చట."

"సదువుమంటుంటే!"

చదివాను. ఢిల్లీ సైన్యాలు మళ్లీ మళ్లీ వచ్చిపడ్డాయి. ఓరుగల్లు కోట కూలింది. చివరి రాజును పట్టుకుపోయారు. రేవు వేరేవాళ్ల చేతుల్లోకి పోయింది. వాళ్లు వర్తకులకు ఆ అభయమే మళ్లీ కొత్తగా రాయించాల్సి వచ్చింది.

"మళ్ల రాయించుడెందుకు? రాయి ఆడ్నే ఉండె గద?"

"రాయి ఉన్నది. మాట నిలబెట్టెటోడు లేడు అవ్వా."

అవ్వ అల్మారీ వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అడిగింది. "అన్న ఉన్న క్యాంపు గూడ లేదా?"

అబద్ధానికి నోరు రాలేదు. లేదన్నాను.

"ఎప్పటిసంది?"

"శానేండ్లాయె."

"గప్పుడే చెప్పొద్దా బిడ్డా. ఇన్నేండ్లు ఎదురుచూసిన."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. గోడ పట్టుకొని లేచి, తాడు మీది తన చీరలు ఒక్కొక్కటే తీసి, కింది అరలో పెట్టసాగింది. మడతలు సరిగా రావడం లేదు. సాయం చేద్దామని లేచాను.

"నువ్వు సదువుకో" అంది, నా వైపు తిరగకుండానే.