మూతల మీద పగబట్టిన ఉస్తా

మెకానిక్ షెహాతా ఉస్తా గురించి మా వీధిలో ఒక పుకారు ఉంది. కొత్త కార్ల ఇంజన్ల మీద ఉండే ప్లాస్టిక్ మూతలు పీకి దాచుకుంటాడనీ, శుక్రవారం షాపు మూసి వాటిని కరిగించి నల్ల చెప్పులు పోసి అమ్ముకుంటాడనీ. అలెగ్జాండ్రియాలో సగం మంది తమ కారు మూతల్నే కాళ్లకు తొడుక్కుని తిరుగుతున్నారని కాఫీ కొట్టు బయ్యూమీ ఒట్టేసి చెప్పేవాడు. ఎవరైనా కొత్త చెప్పులతో కనబడితే ఆపి, "ఇది ఏ మోడలు?" అని అడిగేవాడు.

పుకారు సగం నిజమే. మూత కనబడితే షెహాతా ఉస్తా చెయ్యి ఊరుకోదు. కారు జబ్బేమిటో వినడు, యజమాని పేరు అడగడు. బానెట్ ఎత్తి, ఇంజన్ మీది నల్ల మూతను రెండు చేతులా పట్టి పీకి పక్కన పడేస్తే గానీ ఆయనకు ఊపిరాడదు.

"తలుపు తీస్తే మనిషి కనబడాలి. ఇంకో తలుపు కనబడితే అదేం ఇల్లు?" అనేవాడు.

ఆయన సొంత కారు నా కన్నా రెండింతల వయసున్న ఫియట్. దానికి మూత మాట అటుంచి బానెట్టే లేదు. కార్బురేటరు, బ్యాటరీ, ప్లగ్గుల తీగలు, రేడియేటరు, అన్నీ భోజనానికి కూర్చున్న కుటుంబంలా వరసగా కనబడుతూ ఉండేవి. చలికాలం సముద్రం మీంచి గాలివాన వచ్చిందంటే ఆ కుటుంబం మొత్తం తడిసి కారు నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఉస్తా దిగి ఇంజన్‌కు గొడుగు పట్టి, తను తడుస్తూ నిలబడేవాడు. బయ్యూమీ కొట్టులోంచి, "బానెట్ అని ఒకటి కనిపెట్టారట ఉస్తా, విన్నావా?" అనేవాడు. ఆయన గొడుగును ఇంకాస్త ఇంజన్ వైపు వంచేవాడు.

ఇంట్లోనూ ఇదే గోల. భార్య కుండ మీద మూత పెట్టి అటు తిరిగేలోగా తీసేసేవాడు. మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్లి, పెళ్లికొడుకు తల్లి పదేళ్లుగా దుప్పట్లు కప్పి కాపాడుకుంటున్న బంగారు రంగు సోఫాల మీది దుప్పట్లన్నీ లాగేశాడు. చూస్తే ఒక సోఫాకు కాలు లేదు, కింద మూడు ఇటుకలున్నాయి. ఇటుకల మీద సోఫా నిలబడినట్టే ఆ సంబంధమూ ఎలాగో నిలబడింది.

నేను మా గదిలో కిటికీ దగ్గర కూర్చుని కార్ల సీట్లకు తొడుగులు కుడతాను. బడి మానేసిన ఈ ఏడేళ్లలో నేను మాట్లాడిన మాటల కన్నా విన్న మాటలే ఎక్కువ. తొడుగులూ మూతల్లాంటివే కదా, నన్నెప్పుడు తిడతాడో అని మొదట్లో భయంగా ఉండేది. ఒకసారి కిందనుంచి తనే కేకేశాడు. "సీట్లకు కుట్టుకో తల్లీ, తప్పులేదు. సీటుకు చెప్పుకోవాల్సిన జబ్బులేం ఉండవు."

ఆయన షాపు సరిగ్గా మా గది కిందే. అసలు కష్టమంతా అక్కడ వచ్చింది. అమ్మ రాత్రంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, పొద్దున్నే వచ్చి పడుకునేది. పడుకోగానే కింద సుత్తి లేచేది. ఒకనాడు అమ్మ పనిలో, అప్పుడే ఆరిన వెచ్చటి దుప్పట్ల గుట్ట మీద ఒరిగి నిద్రపోయింది. ఇంకోసారి ఇలా దొరికితే ఇంటికి పంపేస్తామన్నారు. మా ఇద్దరి బతుకూ ఆ జీతం మీదే.

అందుకని అమ్మ మంచం మీంచే చెయ్యి కిందకు చాపి, చెప్పుతో నేలను ఫట్ ఫట్‌మని బాదేది. కింద సుత్తి ఆగేది. అదే సమయానికి మెట్లు దిగుతూ షాపులోకి చూశాను చాలాసార్లు. ఉస్తా కళ్లు మూసుకుని, ఇంజన్ దగ్గు వింటున్నట్టు చెవి పైకి పెట్టి నిలబడి ఉండేవాడు. మా అమ్మను వెక్కిరిస్తున్నాడని నాకు ఒళ్లు మండేది. నిమిషం గడిచాక మళ్లీ సుత్తి. సాయంత్రం అమ్మ పనికి వెళ్తూ ఎదురైతే తల గోక్కుని, "ఏం చెయ్యను ఉమ్ నగాత్, ఇనుము మెల్లగా చెబితే వినదు" అనేవాడు. నా పేరు నగాత్ కాబట్టి వీధికంతటికీ అమ్మ ఉమ్ నగాత్, అంటే నగాత్ వాళ్లమ్మ.

ఆ రోజుల్లో పీకిన మూతల్ని తిట్టుకుంటూనైనా తిరిగి ఇచ్చేసేవాడు. ఆ పద్ధతి మారింది ఒక ఇంజనీరు వల్ల. తన కారు మూత గాల్లోకి లేవగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"విసరకండి ఉస్తా. అది అలంకారం కాదు. లోపలి వైపు చూడండి, మెత్తటి స్పాంజి. చప్పుడు తాగేస్తుంది."

"ఇంజన్ నోరు నొక్కితే దానికి నొప్పెక్కడో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు ఉస్తా. అని, మూతను తిరగేసి స్పాంజిని బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత మళ్లీ అడిగాడు. "తాగేస్తుందా? నిజంగా?"

ఆ రోజునుంచి ఒక్క మూతా వెనక్కి వెళ్లలేదు. బండి బాగా నడుస్తుంటే మూత సంగతి చాలామందికి గుర్తు రాలేదు. గుర్తొచ్చి అడిగినవాళ్లతో విరిగిందనేవాడు, పిల్లి ఎత్తుకెళ్లిందనేవాడు, ఆ పూటకు కూలి వద్దనేవాడు. అమ్మా నేనూ శుక్రవారాలు అమ్మమ్మ ఇంటికి వెళ్తాం. మేం లేని ఆ శుక్రవారాల్లో మూసిన షాపులోంచి సుత్తి చప్పుడు వస్తోందని బయ్యూమీ కనిపెట్టాడు. చెప్పుల పుకారు అక్కడే పుట్టింది.

ఆ చలికాలం గడిచేసరికి అమ్మ చెప్పు తియ్యడం మానేసింది. "చూశావా, నా చెప్పంటే ఎంత భయం పట్టుకుందో" అని నా దగ్గర గొప్పలు పోయేది. హాయిగా మధ్యాహ్నం దాకా పడుకునేది.

అంతా సాఫీగా జరిగిపోయేదే, వకీలు రఊఫ్ గారు రాకపోతే. మా దగ్గర చదువుకున్నవాణ్ని ఉస్తాజ్ అంటారు, పనివాణ్ని ఉస్తా అంటారు. రెంటికీ తేడా ఒక్క అక్షరం, ఒక కోటు. ఈ ఉస్తాజ్ గారి కొత్త కారు నెల రోజులుగా కంపు కొడుతోంది. రెండు పెద్ద షెడ్లలో చూపించినా ఎవరికీ అంతు పట్టలేదు. షెహాతా ఉస్తా మామూలుగానే ముందు మూత పీకాడు. కింద మూడు చేప తలలు, ఒక కోడి కాలు ఉన్నాయి.

"ఇక్కడ ఒక పిల్లి కాపురం పెట్టింది ఉస్తాజ్. మీరు అద్దె అడగలేదు" అన్నాడు.

వకీలు గారు సంతోషంగా వెళ్లి, వారం తర్వాత మూత కోసం వచ్చారు. అది పోయిందన్నాడు ఉస్తా. కూలి డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. అది తన సొత్తనీ, గురువారం లోగా ఇవ్వకపోతే పోలీసుతో వచ్చి షాపుకు తాళం వేయిస్తాననీ చెప్పి వెళ్లారు.

మధ్యలో ఉన్న మూడు రోజులూ వీధంతా ఉస్తాను బతిమాలింది. "ఇచ్చెయ్యి ఉస్తా. చెప్పులైపోయి ఉంటే ఆ చెప్పులే ఇచ్చెయ్యి" అన్నాడు బయ్యూమీ.

"ఇవ్వను. అది ఉన్నచోట బాగుంది" అన్నాడు ఉస్తా.

గురువారం పొద్దున్నే వకీలు పోలీసును వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మ అప్పుడే పడుకుంది. నేను కుట్టిన తొడుగులు పట్టుకుని మెట్ల మీద ఆగిపోయాను. పెట్టెలు తెరిచారు, బల్లల కింద చూశారు, ఫియట్ డిక్కీ కూడా చూశారు. దానికీ తలుపు లేదు కాబట్టి ఎంతోసేపు పట్టలేదు. ఎప్పుడూ ఇంజన్ల కన్నా పెద్ద గొంతుతో మాట్లాడే ఉస్తా ఆ రోజు గుసగుసలాడుతున్నాడు.

"మెల్లగా, ఉస్తాజ్."

"ఎందుకు మెల్లగా? దొంగతనం నలుగురికీ తెలుస్తుందనా?" అని వకీలు, మూత లేని ఇంజన్ చూపించడానికి ఎత్తిన తన కారు బానెట్‌ను కోపంతో ధడాలున మూశారు.

షాపు అదిరింది. పైనుంచి నల్లటిదేదో ఊడి పోలీసు టోపీ మీద పడింది. అప్పుడు అందరం తలెత్తాం.

ఆ షాపుకు వచ్చిన ప్రతివాడూ వంగి ఇంజన్‌లోకి చూసేవాడే. తలెత్తి చూసినవాడు లేడు. పొగకు నల్లబడ్డ పైకప్పు నిండా, వేలాడే బెల్టుల వెనక, నల్లటి మూతలు ఒకదాని పక్కన ఒకటి మేకులు కొట్టి ఉన్నాయి. స్పాంజి వైపు పైకి.

"మీదేనా?" అని పోలీసు ఊడిన మూత అందించాడు. వకీలు వాసన చూసి, నాదే అన్నారు.

"పైకప్పుకు మూతలేమిటి?" అని పోలీసు అడిగాడు.

మూతల్ని గంటలకొద్దీ తిట్టగలిగిన మనిషి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఆరబెట్టాను" అన్నాడు.

"పైన ఎవరుంటారు?"

ఉస్తా నేల చూపులు చూస్తున్నాడు. నేనే చెప్పాను.

"మా అమ్మ. రాత్రి పని. ఇప్పుడే పడుకుంది."

వీధిలో నేను పదిమంది ముందు మాట్లాడటం అదే మొదటిసారి. నా గొంతు పోలీసుకు వినబడక ఏమిటన్నాడు. వకీలుకు వినబడింది. ఆయన పైకి చూశారు, మూత తిప్పి చూశారు, స్పాంజికి అంటుకున్న చేప ముల్లు తీసి పారేశారు. తర్వాత ఆయన కూడా గుసగుసగానే మాట్లాడారు.

"ఈ మేకు పొట్టిది ఉస్తా. పొడుగుది కొట్టండి."

"ఇప్పుడు కాదు ఉస్తాజ్. శుక్రవారం."

పోలీసు టోపీ సర్దుకుని, ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వకీలు కారును మెల్లగా వీధి చివరిదాకా పోనిచ్చి, అక్కడ గానీ వేగం పెంచలేదు.

ఉస్తా నా దగ్గరకు వచ్చాడు. "మీ అమ్మకు చెప్పకు తల్లీ. చెప్పుకు భయపడ్డాననే అనుకోనీ."

"మరి దీనికి మాత్రం మూత వెయ్యొచ్చా ఉస్తా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి, బయ్యూమీ తెస్తున్న టీ గ్లాసుల మీద మూతగా పెట్టిన పళ్లాలన్నీ తీసేసి లోపలికి వెళ్లిపోయాడు.

చెప్పుల పుకారు ఇంకా అలాగే ఉంది. బయ్యూమీ ఇప్పటికీ మోడలు అడుగుతాడు. మొన్న శుక్రవారం నేను అమ్మమ్మ ఇంటికి వెళ్లకుండా ఉండి, ఉస్తాకు నిచ్చెన పట్టాను. పైకప్పంతా మూతలు ఒక్క పొరే. ఒక మూల మాత్రం రెండు పొరలున్నాయి. ఆ మూల సరిగ్గా అమ్మ మంచం కింద. షెహాతా ఉస్తా మా గదిలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. మంచం ఎక్కడుందో ఆయన అమ్మ చెప్పు చప్పుడు విని కనిపెట్టాడు.