వంకరలేని సరుగుడు కోసం

మా ఊరు నరసన్నపేటకు తూర్పున, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉంది. వేసవిలో గాలి లేచిందంటే దిబ్బల మీది ఇసుక మా అక్క వరిచేలోకి పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. దాన్ని ఆపాలని, పనిలో పనిగా నాలుగు వాసాలు కూడా చేతికొస్తాయని, నేనూ మా అక్క మొగుడు సూర్నాయుడు బావా కలిసి చేనుకీ దిబ్బలకీ మధ్య సరుగుడు వేశాం. సంతలో ఎవరో చవగ్గా ఇచ్చిన మొక్కలు. చచ్చిపోయాయని అబద్ధమాడలేను. బతికాయి. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు దండం పెడుతూ పెరిగాయి. వాసాలు కొనే షావుకారు వచ్చి చూసి, "ఇయ్యి సెట్లేటి బాబూ, వానపాముల్లాగున్నాయి" అని టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు. ఇసుక మాత్రం వాటి సందుల్లోంచి సుఖంగా వస్తూనే ఉంది.

"ఈపాలి కూడా ఇలాగే అయితే ఆ సేను ఒగ్గీసి కూలికెల్లాల. ముందే సెప్తన్నాను" అంది అక్క. ఆమె సరదాకి ఏ మాటా అనదు. అందుకని మార్గశిరంలో కోతలు కాగానే మంచి నారు వెతుక్కుంటూ బయల్దేరాం.

తెల్లవారే బస్సెక్కి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఆమదాలవలస స్టేషను చేరాం. విజయనగరం ప్యాసింజరు, మేము ఇడ్లీలు తిని, టీలు తాగి, ఒకరి మీద ఒకరం విసుక్కోవడం పూర్తయ్యాక వచ్చింది. మా వెనక వెళ్ళేవారికి ఒక మాట: స్టేషను బయట ఇడ్లీ మెత్తగానే ఉంటుంది, చట్నీలో మిరపకాయ కాక మరేదైనా ఉందని నేను ప్రమాణం చెయ్యలేను. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే గాలితోపాటు బొగ్గునలుసులు కూడా టిక్కెట్టులోనే కలిసొస్తాయి.

పొందూరులో ఖద్దరు మూటతో ఒకాయన ఎక్కి మా ఎదుట కూర్చున్నాడు. మా పని విని, "మొక్కల కోసం ఇజీనారం దాకానా?" అని ఆశ్చర్యపోయాడు. "మాకు పత్తి మంచిదయితేనే నూలు సన్నంగా దిగుతాది. మీకూ గింజని బట్టేనేటి?"

"మాకు గింజతో పన్నేదు. మొక్క ఎత్తుగా ఉంటే సాలు" అన్నాడు బావ. బావకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఒకరిని అడిగి తెలుసుకున్నదీ లేదు.

విజయనగరంలో స్టేషను దగ్గరి హోటల్లో భోంచేసి, రిక్షాలో ఊరి చివరి మొక్కల తోటకి వెళ్ళాం. యజమాని కళ్ళజోడు సర్దుకుంటూ ఎదురొచ్చాడు. మట్టి కుండీల్లో సరుగుడు మొక్కలు మనిషెత్తున వరసగా నిలబడి ఉన్నాయి.

"సింగపూర్ రకమండి. మొన్న వానల్లో దీనికోసం జనం కొట్టుకున్నారండి" అన్నాడాయన.

"కొట్టుకున్నవాళ్ళు కొనకుండా పోయారేం?" అన్నాను. ఆయన నవ్వి, కళ్ళజోడు మళ్ళీ సర్దుకున్నాడు.

బావ అప్పటికే ఒక మొక్క పక్కన నిలబడి ఎత్తు చూసుకుంటున్నాడు. "ఒరే బావా, సగం పని అయిపోయినట్టే. నాటితే మరి వాసాలే!"

నేను ఒక కుండీ బోర్లించి మొక్కను బయటికి లాగాను. వేళ్ళు పోవడానికి చోటు లేక కుండీ లోపల చుట్టకుదురులా మెలితిరిగి ఉన్నాయి. కాండం పొడుగే గాని చిటికెన వేలంత లావు లేదు. పక్కన కట్టిన కర్ర విప్పితే అలిసిపోయిన పెళ్ళికొడుకులా తల వాల్చేసింది. వానలకు అమ్ముడు పోక మిగిలిన సరుకని తెలిసిపోయింది.

"వేళ్ళు అలా చుట్టుకోవడమే బలమండి" అన్నాడు యజమాని.

"వీటి తల్లి చెట్లు ఎక్కడున్నాయి?" అని అడిగాను. పెళ్ళి సంబంధానికి వచ్చినవాడు వంశం ఆరా తీస్తే చూసినట్టు చూశాడు. చివరికి నన్ను వదిలించుకోవడానికి, భోగాపురం అవతల సముద్రపు ఒడ్డున ఒక తోట ఉందనీ, విత్తనం అక్కడిదేననీ చెప్పాడు. సింగపూరు అంత దగ్గరని నాకు అంతవరకూ తెలియదు.

ఆ మొక్కలు కొననివ్వలేదని ఆ రాత్రి సత్రంలో బావ నాతో మాట్లాడలేదు. ఆ లోటు దోమలు తీర్చాయి.

మర్నాడు బస్సులో భోగాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ తోట చేరేసరికి గొడ్డళ్ళ చప్పుడు వినిపించింది. తోట యజమానురాలు కన్నమ్మగారు అరవై దాటిన మనిషి. తాటాకు గొడుగు కింద నిలబడి చెట్లు కొట్టడం చూస్తోంది.

"ఆలీసంగా వచ్చారు బాబూ. తోట షావుకారుకి అమ్మీసినాను."

"విత్తనానికేమైనా ఉంచారా అమ్మా?"

"ఉంచకేటి! అయిగో" అని గట్టువైపు చూపించింది. నాలుగైదు చెట్లు, నడుం నొప్పి వచ్చినట్టు వంగి, కొన్ని రెండుగా చీలి ఉన్నాయి. "ఏటా ఆటి కాయలే ఇజీనారం పట్టుకెల్తారు."

"వంకరవే ఎందుకుంచారు?"

"తిన్నటియి కొనీడానికి షావుకారున్నాడు. వంకరయ్యి ఎవుడు కొంతాడు? మిగిలినయ్యే కదా ఇత్తనానికి!"

వరిలో మేలైన గింజలన్నీ అమ్మేసి తాలును విత్తనానికి దాచే రైతును నేనెక్కడా చూడలేదు. చెట్ల దగ్గర మాత్రం అందరం అదే చేస్తున్నాం. పైగా పెరిగాక వంకర ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆశ్చర్యపోతాం.

బావ ఆ వంకర చెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఒకదాని మానుమీద చెయ్యి వేసి తడిమాడు. తిరిగొచ్చి, "ఒరే బావా, మన గట్టుమీదియి ఈటి పిల్లలేరా" అన్నాడు. మూడేళ్ళు ఆయన కుండలతో నీళ్ళు మోసి పెంచిన చెట్లవి. నాకు ఎగతాళి చెయ్యబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. నేల కూలుతున్న తిన్నని చెట్ల నుంచే కాయలు కోసుకోవాలి. అన్నిటికన్నా నిటారుగా ఉన్న మాను కూలగానే ఇద్దరం పరుగెత్తాం. ఒక్క కాయ లేదు. కన్నమ్మగారు పకపకా నవ్వి, "అది పోతు సెట్టు బాబూ! ఎంత అందంగా ఉంటే ఏటి, కాస్తాదేటి?" అంది.

తరవాతి చెట్లకి కాయలున్నాయి. కానీ కొమ్మలు నరికింది నరికినట్టు ఆడవాళ్ళు వంటచెరుక్కి మోపులు కట్టేస్తున్నారు. వాళ్ళలో పోలమ్మ అనే ఆమె కొడవలి అడ్డం పెట్టింది. "కంపా మాదే, కాయా మాదే. కాయలే బాగా మండుతాయి. ఆటికి బదులేటిస్తారు?"

నేను ఆలోచిస్తూండగానే బావ తలగుడ్డ చుట్టుకున్నాడు. "మీ మోపులు నాను మోస్తానమ్మా. కాయలు మాకొగ్గీండి."

మధ్యాహ్నమంతా అదే పని. నోరు తెరిచిన కాయలు వదిలేశాం, వాటిలో గింజ ఉండదు. పచ్చివీ వదిలేశాం. గోధుమరంగుకి తిరిగి ఇంకా మూసుకుని ఉన్నవి, ఒక చెట్టువే కాకుండా తిన్నగా పెరిగిన చెట్లన్నిటి నుంచీ కోశాం. మధ్యమధ్య బావ నెత్తిన కంపమోపుతో ఊళ్ళోకి వెళ్ళొస్తున్నాడు. ఇంటి దగ్గర తన మంచం కూడా తాను వాల్చుకోని మనిషి! పొద్దు వాలేసరికి గోనె నిండింది. పోలమ్మ మాకు గంజీ, కాల్చిన ఎండుచేపా పెట్టింది. ఈ యాత్రలో నేను తిన్న మంచి భోజనం అదే.

తిరుగు ప్రయాణం భోగాపురం నుంచి శ్రీకాకుళం బస్సులో. మొలిచాయా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను. ఎండలో కాయలు విప్పారి గింజ రాలింది, మడిలో చల్లితే మొలిచింది. పొడుగు చూసి మురవకుండా, పొట్టిగా లావుగా ఉండి వేరు తిన్నగా దిగిన నారునే ఏరి, వానల్లో నాటాం. ఒకటీ అరా వంకర లేకపోలేదు. మిగతావి ఆకాశాన్నే చూస్తున్నాయి. ఇసుక వాటి దగ్గర ఆగడం నేర్చుకుంది. అక్క చేను అక్కదగ్గరే ఉంది. ఇలాంటి పనిమీద వెళ్ళేవారు మొక్కని చూసేముందు తల్లిచెట్టుని చూడండి, అదీ గొడ్డలికన్నా ముందు చేరుకుని చూడండి.

బస్సులో మాత్రం ఈ తల్లిచెట్టు సంగతి చెప్పే అవకాశం నాకు రాలేదు. రణస్థలంలో ఎక్కిన ఒక రైతు గోనె సంగతి అడగ్గానే, దాన్ని ఒళ్ళో పెట్టుకున్న బావ అందుకున్నాడు.

"ఎత్తు సూసి మొక్క కొనీవోడు ఎర్రోడు బాబూ. తల్లిని సూడాల, ఏరు సూడాల."

"ఇయన్నీ మీకెలాగ తెలుసు?" అన్నాడా రైతు భక్తిగా.

"అనుబవం" అన్నాడు బావ, నావైపు చూడకుండా.

గోనెలోంచి చీమలు బారులు తీరి ఆయన పంచెలోకి దారి తీయడం నాకు కనబడుతూనే ఉంది. అంత విద్వాంసుణ్ణి మధ్యలో ఆపడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఎచ్చెర్ల దాటాక చీమలే ఆపాయి.