గొర్రెల వీపు మీద తాళం

కాటమయ్య డబ్బా ఫోను ఎండాకాలం మొదట్లో గొర్రెలు నీళ్లు తాగే తొట్టిలో పడింది. ఆయన దాన్ని ఎండకు పెట్టాడు, బియ్యంలో పాతాడు, చివరికి నోరారా తిట్టాడు. అయినా అది పలకలేదు. దాంతో కోడలు పుష్ప ఆయన్ని నకిరేకల్ తీసుకుపోయి స్మార్ట్‌ఫోను కొనిచ్చింది. తిరుమలగిరి దగ్గరి ఆ పల్లెలో అలాంటి ఫోను లేని ఆఖరి మగవాణ్ణి తానేనని అరవై రెండేళ్ల కాటమయ్య అప్పటిదాకా గొప్పగా చెప్పుకునేవాడు. ఆ గొప్ప పొద్దున పోయింది. సాయంత్రానికల్లా ఫోను ఉన్న గొప్ప వచ్చేసింది.

పుష్ప డిగ్రీ చదివింది. అంతకంటే ముఖ్యంగా, పక్కింటాయన ఎవరో పంపిన లింకు నొక్కి నెత్తి కొట్టుకోవడం కళ్లారా చూసింది. అందుకే ముందు ఫోనులోని ఆటలన్నీ ఏరి పారేసింది. అక్షరాలు పెద్దవి చేసింది. తెర మీద మొఖాలు పెట్టింది. కొడుకు నాగేందర్, తను, పశువుల డాక్టరు, మేతకు తోడు వచ్చే గోవిందమ్మ. మొఖం మీద వేలు పెడితే చాలు, వాళ్లకు ఫోను పోతుంది.

"మామా, మొఖం లేని నంబరు వస్తే ఎత్తకు. మెసేజీల అంకెలు వచ్చినయి, జర చెప్పుమని ఎవరన్న అడిగితే చెప్పకు. లింకు వస్తే ముట్టకు."

"ఎత్తద్దు, చెప్పద్దు, ముట్టద్దు. మరి గిది కొన్నదెందుకు బిడ్డా?"

"మాట్లాడనీకి."

"గా నలుగురితోనైతే నోటితోనే మాట్లాడుతుంటి గద."

పుష్ప ఆ మాట విననట్టే తొమ్మిది చుక్కలు చూపించింది. వాటిని కలుపుతూ ఒక గీత గియ్యాలంది. ఆయన మర్చిపోనిదీ, ఇంకొకరికి తెలియనిదీ అయి ఉండాలంది. కాటమయ్య గొంగడి తల మీదకు లాక్కుని, కోడలికి వీపు పెట్టి, ఏదో గీశాడు. గొంగడి తీసేసరికి ఆయన మొఖంలో బ్యాంకు లాకరుకు తాళం వేసినంత కళ ఉంది.

ఆయన గీసింది మంద గుర్తు. పైనుంచి కిందికి నిలువు గీత, అక్కడినుంచి కుడికి అడ్డ గీత. తండ్రి నాటి నుంచి వస్తున్న గుర్తు, చచ్చినా మర్చిపోడు. ఇక ఎవరికీ తెలియదన్న సంగతి చూస్తే, ఆ గుర్తు ఎర్రజాజు రంగుతో నూట పది గొర్రెల వీపుల మీద ఉంది. ఆ గొర్రెలు రోజుకు రెండుసార్లు నడిబజారులోంచి ఊరేగుతాయి. అంత భద్రమైన తాళం ఆ మండలంలో మరొకటి ఉండదు.

ఇంతకూ ఆయన దాచుకోవలసింది ఏముంది? ఉంది. తెలంగాణ వచ్చిన ఏడాది అన్న అంజన్న, తానూ మంద పంచుకున్నారు. గొర్రెలు సమంగా వచ్చాయి, ఒక పొట్టేలు మిగిలింది. దాని కోసం మాటా మాటా పెరిగింది. తండ్రి గుర్తును కాటమయ్య తన మందకే ఉంచుకున్నాడు. అంజన్న మొండిగా అదే గుర్తును ఎడమకు తిప్పి వేసుకున్నాడు. పొట్టేలు రెండు నెలలకే చచ్చిపోయింది. కొట్లాట మాత్రం ఎనిమిదేళ్లుగా పుష్టిగా ఉంది. అంజన్న ఇల్లు ఊరికి ఆ కొసన. ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్క చెట్లు చూసుకుంటూ పోతారు.

కలిసి ఉన్నప్పుడు అన్నదమ్ములు చెరో దిక్కు మేపేవారు. పొద్దుగూకి మంద దొడ్డికి చేరగానే రెండు రింగులిచ్చి కట్ చేసేవారు. పైసా ఖర్చు లేకుండా, మంద చేరిందని దానర్థం. కొత్త ఫోను చేతికొచ్చిన రెండో రోజే కాటమయ్య ఎవరూ చూడకుండా ఒక నంబరు నొక్కాడు. ఎనిమిదేళ్లుగా మర్చిపోయానని అందరికీ చెప్పుకున్న నంబరు, ఒక్క అంకె తప్పకుండా వేళ్లకు వచ్చింది. రెండు రింగులు, కట్. అప్పటినుంచి రోజూ అంతే. అవతల ఎత్తింది లేదు, తిరిగి చేసింది లేదు. ఎత్తితే ఏం చెయ్యాలో కాటమయ్యకూ తెలియదు. కానీ ఈ ముచ్చట ఊళ్లో తెలిస్తే తలెత్తుకు తిరగలేనని మాత్రం ఆయనకు తెలుసు.

ఒకరోజు పొద్దున రామచంద్రం చాయ్ కొట్టులో ఫోను చార్జింగుకు పెట్టి, కాటమయ్య మందను రోడ్డు దాటించడానికి పోయాడు. రామచంద్రానికి ఊళ్లో సంగతులు చాయ్ కంటే చిక్కగా కావాలి. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తొమ్మిది చుక్కలు చూశాడు. రోడ్డు దాటుతున్న గొర్రెలను చూశాడు. గీత గీశాడు.

కాటమయ్య వచ్చేసరికి కొట్టు ముందు ఎనిమిది మంది నవ్వు ఆపుకుంటున్నారు.

"కాటమయ్యా, ఇరవై మూడు రోజుల సంది ఒకటే నంబరు, గదీ అంజన్నది," అన్నాడు రామచంద్రం. "మాట మాత్రం ఒక్కటి లేదు. అన్న ఎట్లున్నడో అడుగుమంటే మేమే అడుగుతుంటిమి గదనే."

కాటమయ్య ఫోను లాక్కుని ఇంటికి వచ్చాడు. పుష్పతో ఒకే మాట అన్నాడు. "తాళం మార్చు." ఆమె చుక్కలు తెచ్చిపెట్టింది. ఆయన మళ్లీ గొంగడి కప్పుకున్నాడు. ఆయన గీస్తాడని ఊరు ఊరంతా కలలో కూడా అనుకోని గుర్తు ఒకటే ఉంది. నిలువు గీత, అక్కడినుంచి ఎడమకు.

ఆ సాయంత్రం మంద దొడ్డికి చేరింది. కాటమయ్య ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, నొక్కలేదు. ఇంత నవ్వులపాలయ్యాక ఇంకెందుకు అనుకున్నాడు. ఎనిమిదేళ్లు లేనిది ఇక ముందు కూడా లేకుంటేనేం అనుకున్నాడు. అనుకున్నదేదీ ఆయనకే నచ్చలేదు.

చీకటి పడుతుండగా ఫోను మోగింది. తెర మీద మొఖం లేదు, నంబరే ఉంది. ఒక రింగు, రెండు, మూడు. ఆగలేదు. కోడలు చెప్పిన నియమాలన్నీ గుర్తుండగానే కాటమయ్య ఎత్తాడు.

"ఏందిరా, ఇయ్యాల మోగలే," అంది ముసలి గొంతు. "మంద చేరలేదా? పాణం మంచిగున్నదా తమ్మీ?"

ఎనిమిదేళ్లుగా కాటమయ్య ఈ క్షణం కోసం ఎన్నో మాటలు సానబెట్టి ఉంచుకున్నాడు. వాటన్నిటినీ పక్కన పెట్టేశాడు.

"చేరింది అన్నా," అన్నాడు. "అన్నీ చేరినయి."

ఆ తర్వాత పొట్టేలు సంగతి వచ్చింది. అరగంట కొట్లాడుకున్నారు, ఎవరూ కట్ చేయలేదు.

తెల్లారి కాటమయ్య ఫోను కోడలి ముందు పెట్టాడు.

"గీ నంబరుకు గూడ మొఖం పెట్టు బిడ్డా."

"పెద్దమామ ఫోటో నా తాన ఏడున్నది?" అంది పుష్ప, పొయ్యి మీదినుంచి తల తిప్పకుండా. "నువ్వే పోయి తీసుకొనిరా."

కాటమయ్య కోడలిని కాసేపు గుర్రుగా చూశాడు. తర్వాత గొంగడి భుజాన వేసుకుని, ఫోను చేత పట్టుకుని, ఊరి ఆ కొసకు నడిచాడు.